వాహనంలో కుక్క: పరిశుద్ధత, కారుణ్యం

నమాజుకు పరిశుద్ధత షరతు. దేహం, దుస్తులు, నమాజు చేసే స్థలం - ఈ మూడూ మాలిన్యం లేకుండా ఉండాలని షరీఅత్ ఆదేశించింది. విశ్వాసంలో పరిశుద్ధతకు ఎంత పెద్ద భాగమున్నదో దైవప్రవక్త (స) స్పష్టంగా తెలియజేశారు. ఈ ఆదేశం మసీదు గడప దగ్గర మొదలై అక్కడే ముగిసేది కాదు. ఇంటికీ, పొలానికీ, ప్రయాణానికీ అది వర్తిస్తుంది. పూర్వం ఒంటె జీను విషయంలో, గుర్రపు గంత విషయంలో తలెత్తిన ప్రశ్నలే నేడు మోటారు కారు సీటు విషయంలో తలెత్తుతున్నాయి. వాహనం మారింది, సూత్రాలు మారలేదు.

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో బంగాళాఖాతం ఒడ్డున ఉన్న ఊరు భావనపాడు. చేపల వేట అక్కడి ముఖ్య జీవనాధారం. ఆ తీరప్రాంతంలో కొబ్బరి, జీడిమామిడి, సరుగుడు తోటలున్నాయి. టెక్కలిలో కాపురముంటూ ఆ తీరాన తోట కలిగిన ఒక ముస్లిం కుటుంబం ఉన్నదనుకోండి. తోటకు కాపలాగా ఒక కుక్క ఉంది. ఒకనాడు ముళ్లకంచె గీరుకుని దాని కాలు తెగింది. టెక్కలిలో పశువైద్యునికి చూపించాలి. ఉన్నది ఒక్కటే కారు. అదే కారులో సాయంత్రం వృద్ధురాలైన తల్లి బంధువుల ఇంటికి ప్రయాణం కావాలి. దారిలోనే మగ్రిబ్ వేళ అవుతుంది.

ఇప్పుడు ఇంట్లో మూడు మాటలు వినిపిస్తాయి. కుక్క ఎక్కిన కారులో కూర్చుంటే బట్టలు నాపాక్ అవుతాయి, తాను ఎక్కనని తల్లి అంటుంది. అయితే దాన్ని డిక్కీలో పడేసి తీసుకురమ్మని ఒకరంటారు. ఇవన్నీ చాదస్తాలు, గుడ్డతో ఓసారి తుడిస్తే చాలునని మరొకరంటారు. తల్లి మాటలో దైవభీతి ఉంది. కాని ఆమె భయపడినంత ఇబ్బంది షరీఅత్‌లో లేదు. రెండవ మాటలో క్రౌర్యం ఉంది. మూడవ మాటలో అశ్రద్ధ ఉంది. ఈ మూడింటికీ మధ్య ఉన్న సరైన మార్గమేదో తెలుసుకోవడం అవసరం.

కుక్కను పెంచడానికి అనుమతి ఎంతవరకు?

ముందుగా ఒక విషయం గ్రహించాలి. వేట కోసం, పశువుల మంద కోసం, పంట కాపలా కోసం తప్ప కుక్కను పెంచుకునేవారి పుణ్యఫలంలో ప్రతిదినమూ కొంత తరిగిపోతుందని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. కుక్క ఉన్న ఇంటిలోకి కారుణ్య దూతలు ప్రవేశించరని కూడా హదీసు తెలియజేస్తోంది. కావున సరదా కోసం, హోదా కోసం కుక్కను ఇంట్లో పెట్టుకుని, దానిని వెంటేసుకుని షికార్లు తిరగడం ముస్లిం ఇంటికి తగిన పని కాదు.

అయితే అవసరం కోసం పెంచే కుక్క సంగతి వేరు. దివ్య ఖుర్ఆన్ ఐదవ సూరా అల్ మాయిదాలోని 4వ ఆయతు శిక్షణ పొందిన వేట జంతువులు పట్టి తెచ్చిన దానిని తినడానికి అనుమతించింది. వేటకుక్కల గురించి హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి) అడిగిన ప్రశ్నలకు దైవప్రవక్త (స) వివరంగా సమాధానాలిచ్చారు. 18వ సూరా అల్ కహఫ్‌లో గుహవాసులతోపాటు వారి కుక్క ప్రస్తావన కూడా వచ్చింది. తోటకు కాపలా కాసే కుక్క, గొర్రెల మంద వెంట తిరిగే కుక్క అనుమతి పరిధిలోనివే. అనుమతి ఉన్న జంతువును అవసరమైనప్పుడు వాహనంలో తీసుకుపోవడం కూడా ఆ అనుమతిలో భాగమే అవుతుంది.

ఏది నాపాక్? ధర్మవేత్తల అభిప్రాయాలు

కుక్క మూతి పెట్టిన పాత్రను ఏడుసార్లు కడగాలనీ, అందులో ఒకసారి మట్టితో కడగాలనీ హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన హదీసు సుప్రసిద్ధం. దైవప్రవక్త (స) కాలంలో కుక్కలు మసీదులోకి వస్తూ పోతూ ఉండేవనీ, అందుకోసం అక్కడ నీళ్లు చల్లేవారు కాదనీ హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) తెలియజేశారు. ఈ రెండూ ప్రామాణికమైనవే. వీటిని, ఇతర ఆధారాలను పరిశీలించి ఇమాములు తమ తమ అభిప్రాయాలను ఏర్పరచుకున్నారు.

ఇమామ్ అబూ హనీఫా (రహ్, మరణం హి. 150) మార్గంలో ఆధారపడదగిన అభిప్రాయం ప్రకారం కుక్క లాలాజలం నాపాక్. దాని దేహం మాత్రం పంది దేహం వలె స్వతహాగా నాపాక్ కాదు. కాబట్టి పొడిగా ఉన్న దాని వెంట్రుకలు బట్టలకు తగిలితే బట్టలు చెడవు. పాత్రను మూడుసార్లు కడగడం తప్పనిసరి. ఏడుసార్లు కడగడం ఉత్తమం.

ఇమామ్ షాఫిఈ (రహ్, మరణం హి. 204), ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్, మరణం హి. 241) మార్గాలలో ప్రసిద్ధమైన అభిప్రాయం ఇంతకంటే కఠినమైనది. కుక్క దేహమంతా, వెంట్రుకలతో సహా నాపాక్. దాని తడి తగిలిన చోటును ఏడుసార్లు కడగాలి; అందులో ఒకసారి మట్టి కలిపిన నీటితో కడగాలి. ఇమామ్ మాలిక్ (రహ్, మరణం హి. 179) మార్గంలో మాత్రం బ్రతికి ఉన్న కుక్క పాక్. పాత్రను ఏడుసార్లు కడగడం దైవాదేశ పాలనగా చేసే పని అని ఆ మార్గం వారు భావిస్తారు.

ఆంధ్ర ప్రాంతపు ముస్లింలలో అత్యధికులు హనఫీ మార్గాన్ని అనుసరించేవారే. అయితే హైదరాబాదు బార్కాస్‌లోని అరబ్బు సంతతి వారిలోనూ, కేరళ మాప్పిళ్లలలోనూ షాఫిఈ మార్గం ఉంది. ఉద్యోగ వ్యాపారాల మూలంగా ఒకే కారులో రెండు మార్గాల వారు కూర్చునే సందర్భాలు వస్తాయి. కావున రెండు పద్ధతులూ తెలిసి ఉండడం మంచిది. వేరే మార్గం వారు ఎక్కబోతున్నారని తెలిస్తే, వారి పద్ధతి ప్రకారం కూడా కారును శుభ్రపరచి ఉంచడం మర్యాద.

అసలు సూత్రం: తడి

ఈ అభిప్రాయ భేదాల నడుమ అందరూ అంగీకరించే సూత్రం ఒకటుంది. పొడి వస్తువు పొడి వస్తువును తాకితే మాలిన్యం అంటదు. తడి ఉంటేనే మాలిన్యం ఒకదాని నుంచి మరొకదానికి పాకుతుంది. కారు శుభ్రతకు సంబంధించిన జాగ్రత్తలన్నీ ఈ ఒక్క సూత్రం చుట్టూనే తిరుగుతాయి. కుక్కను పొడిగా ఉంచగలిగితే, దాని నోటి తడి సీటుకు తగలకుండా చూడగలిగితే, సమస్యలో పెద్ద భాగం పుట్టకముందే తీరిపోతుంది.

కుక్క నోటి నుంచి తడి ఎందుకు వస్తుందో తెలుసుకుంటే ఈ జాగ్రత్త సులభమవుతుంది. కుక్కకు మనిషికి వలె ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల అడుగున మాత్రమే కొద్దిగా పడుతుంది. అందుచేత అది నోరు తెరచి, నాలుక చాచి, వగర్చడం ద్వారా ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. ఎండ ఎక్కువైతే, గాలి ఆడకపోతే, భయపడితే వగర్పు పెరుగుతుంది, చొంగ కారుతుంది. ప్రయాణంలో కడుపులో తిప్పినప్పుడు వాంతికి ముందు కూడా చొంగ ధారగా కారుతుంది. కారును చల్లగా ఉంచడం, గాలి ఆడనివ్వడం, మెల్లగా నడపడం కుక్కకు సుఖం. సీటుకు శుభ్రత కూడా అందులోనే ఉంది.

బయలుదేరే ముందు

ప్రయాణానికి నాలుగైదు గంటల ముందు నుంచి కుక్కకు కడుపు నిండా తిండి పెట్టరాదు. నీరు మాత్రం పెట్టాలి. కారు ఎక్కించే ముందు కాసేపు నడిపించి మలమూత్రాలు వదలనివ్వాలి. గట్టి బ్రష్షుతో ఒళ్లు దువ్వితే రాలిపోయే వెంట్రుకలు, ఇసుక బయటనే రాలిపోతాయి. పాదాలను గోరువెచ్చని నీటితో కడిగి, వేళ్ల సందులతో సహా పొడిగుడ్డతో తుడవాలి. గోమార్లు ఉన్నవేమో చెవుల లోపల, మెడ కింద, వేళ్ల మధ్య చూడాలి. అవి కారులో రాలితే సీటు మడతల్లో దాక్కుని నెలల తరబడి బ్రతకగలవు.

తరువాత కుక్క కూర్చునే చోటును సిద్ధం చేయాలి. వెనుక సీటు మీద గాని, సీటు మడిచిన వెనుక భాగంలో గాని నీరు దిగని టార్పాలిన్ లేదా రెక్సిన్ పరచాలి. దాని అంచులు ముందు సీట్ల వీపుల మీదికి, తలుపుల మీదికి లేచి ఉండేలా కట్టాలి. దాని మీద నీటిని పీల్చే పాత దుప్పటి ఒకటి వేయాలి. కింది పొర తడిని ఆపుతుంది. పై పొర తడిని పీల్చుకుంటుంది. ఈ రెండూ ఉంటే కారు సీటును కడగవలసిన అవసరమే అరుదుగా వస్తుంది. టార్పాలిన్, దుప్పటి మాత్రం కడుక్కుంటే సరిపోతుంది. ఈ రెండింటినీ కుక్క కోసమే ప్రత్యేకంగా ఉంచి, నమాజు చాపలతో, ఇతర గుడ్డలతో కలపకుండా విడిగా పెట్టుకోవాలి.

మెడపట్టీకి బదులు ఛాతీ చుట్టూ వేసే పట్టీ వేసి సీటు బెల్టుకు కట్టడం క్షేమం. కుక్క ముందుకు దూకదు. మనుషుల బట్టలను నాకదు. ఒక్కసారిగా బ్రేకు వేసినా దెబ్బ తగలదు.

సముద్రపు ఇసుక, ఉప్పునీరు

భావనపాడు వంటి తీరప్రాంతంలో ఇంకో రెండు చిక్కులున్నాయి: ఇసుక, ఉప్పు. ఇసుక అంటిన కుక్కను తడిగుడ్డతో తుడిస్తే ఇసుక వెంట్రుకల్లోకి మరింత దిగుతుంది. ముందు ఒళ్లు ఆరనిచ్చి, బ్రష్షుతో దులిపి, ఆ తరువాతే తుడవాలి. కారులో పడిన ఇసుకకూ ఇదే పద్ధతి. తడి ఇసుకను రుద్దితే సీటు నేతలోకి పోతుంది. ప్లాస్టిక్ మీద గీతలు పడతాయి. ఆరిన తరువాత పట్టాలను బయటికి తీసి తిరగేసి కొట్టి, ఆ మీదట వాక్యూం క్లీనరు పెట్టాలి.

సముద్రపు నీటితో కడగవచ్చునా అనే ప్రశ్న సహజం. సముద్ర ప్రయాణంలో మంచినీరు కొద్దిగానే వెంట ఉంటుందనీ, సముద్రపు నీటితో వుజూ చేయవచ్చునా అనీ ఒకరు అడిగినప్పుడు, ఆ నీరు పరిశుద్ధపరచేదేనని దైవప్రవక్త (స) తెలిపారు. ఇమామ్ మాలిక్ గారి మువత్తాలోనూ, అబూ దావూద్, తిర్మిజీ, నసాయీ గ్రంథాలలోనూ ఈ హదీసు ఉంది. కావున షరీఅత్ దృష్టిలో సముద్రపు నీటితో కడిగిన టార్పాలిన్ పాక్ అవుతుంది. కాని కారుకు అది మేలు చేయదు. ఉప్పు ఇనుమును తుప్పు పట్టిస్తుంది. సీటు నేతలో మిగిలిన ఉప్పు గాలిలోని చెమ్మను లాక్కుని, సీటును ఎప్పుడూ తేమగా ఉంచుతుంది. నౌపడా ఉప్పుమడుల నుంచి తెచ్చుకున్న గళ్లుప్పు వానాకాలంలో కుండలోనే ఎలా చెమ్మగిల్లుతుందో ఆ ప్రాంతం వారికి కొత్తగా చెప్పనక్కరలేదు. అదే తేమ సీటులో దుర్వాసనకు, బూజుకు కారణమవుతుంది. అందుచేత సముద్రపు నీటితో టార్పాలిన్‌ను, బయట కుక్క పాదాలను తొలిసారి కడిగినా, చివరిసారి మంచినీటితో కడగాలి. కుక్క చర్మానికి కూడా ఉప్పు మంచిది కాదు.

ఏ భాగాన్ని ఎలా శుభ్రపరచాలి?

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక్కోసారి చొంగ సీటుకు తగులుతుంది. అప్పుడు కారులోని భాగాలను మూడు రకాలుగా చూసుకోవాలి.

మొదటివి నీరు పీల్చని నున్నని భాగాలు: అద్దాలు, పాలిష్ చేసిన లోహం, గట్టి ప్లాస్టిక్. హనఫీ మార్గంలో ఇటువంటి వాటిని మాలిన్యపు ఆనవాలు పోయేదాకా శుభ్రంగా తుడిస్తే చాలు. సహాబీలు యుద్ధంలో నెత్తురంటిన ఖడ్గాలను తుడిచి, వాటిని ధరించే నమాజు చేసేవారని హనఫీ గ్రంథాలు దీనికి ఉదాహరణ చూపుతాయి. షాఫిఈ మార్గంలో తుడవడం చాలదు; నీటితో కడగాలి.

రెండవవి రెక్సిన్, తోలు సీట్లు. ఇవి నీటిని అంతగా పీల్చవు. కాని కుట్లలోకి, పగుళ్లలోకి తడి దిగుతుంది. కావున కొద్దిగా నీరు పోసి, శుభ్రమైన గుడ్డతో పూర్తిగా తీసివేయాలి. ఇలా మూడుసార్లు, ప్రతిసారీ గుడ్డను కడిగి పిండి, చేయాలి.

మూడవవి నీటిని పీల్చేవి: గుడ్డ సీట్లు, కింద పరచిన తివాచీ. హనఫీ పద్ధతి ప్రకారం పిండడానికి వీలైన దానిని మూడుసార్లు కడిగి ప్రతిసారీ పిండాలి. పిండడానికి వీలుకాని దానిని మూడుసార్లు కడిగి, ప్రతిసారీ నీరు కారడం ఆగేదాకా విడిచిపెట్టాలి. పూర్తిగా ఎండవలసిన పని లేదు. ఊడదీయగల పట్టాలను బయటికి తీసి కుళాయి కింద ధారగా నీరు పోసి కడగడం అన్నిటికంటే తేలిక. ఊడదీయరాని సీటులో తడి తగిలిన మేరకే నీరు పోసి, నీటిని లాగే వాక్యూం యంత్రంతోనో, దళసరి తువ్వాలుతో అదిమి పట్టో నీటిని తీసివేయాలి. సీటంతా, కారంతా తడపనక్కరలేదు. ఎక్కడ తగిలిందో అక్కడ కడగడమే విధి.

షాఫిఈ మార్గం వారు ఏడుసార్లలో ఒకసారి మట్టి కలపాలి. ఆ మట్టి నీటిని కలక బార్చేటంత మెత్తనిదై ఉండాలి. అలల ఒడ్డున కడిగినట్టుండే ముతక ఇసుక నీటిలో కలవదు. తోటలోని మెత్తని మన్ను తీసి, జల్లించి, ఒక చెంబు నీటిలో కలిపి వాడుకోవచ్చు. మొదటిసారే మట్టినీరు వాడితే, ఆ తరువాతి ఆరు కడుగులలో మట్టి కూడా పోతుంది. వారి మార్గంలో వెంట్రుక కూడా నాపాక్ గనుక, బట్టలకు అంటిన వెంట్రుకలను నమాజుకు ముందు ఏరివేయడం అవసరం. హనఫీలకు ఇది విధి కాకపోయినా శుభ్రత దృష్ట్యా మంచిదే. రబ్బరు చేతి తొడుగును కొద్దిగా తడిపి సీటు మీద ఒకే వైపుకు రాస్తే వెంట్రుకలు ఉండలుగా చేరి సులభంగా వచ్చేస్తాయి.

మూత్రం, వాంతి, నెత్తురు

కుక్క మూత్రం, మలం, వాంతి, కారిన నెత్తురు విషయంలో ఎటువంటి అశ్రద్ధా పనికిరాదు. కంటికి కనిపించే మాలిన్యం ఎన్నిసార్లు కడిగితే పోతుందో అన్నిసార్లు కడగాలి. దాని ముద్ద, ఛాయ పోయాక, ఎంత ప్రయత్నించినా వదలని మరక మిగిలితే అది క్షమించబడింది.

మూత్రం పడిన వెంటనే పొడిగుడ్డతో అదిమి పీల్చాలి, రుద్దరాదు. రుద్దితే లోపలికి దిగుతుంది. తరువాత నీరు పోసి మళ్లీ పీల్చాలి. నెత్తురుకు చన్నీరే వాడాలి. వేడినీరు పోస్తే నెత్తురులోని మాంసకృత్తులు గడ్డకట్టి మరక పట్టేస్తుంది. మూత్రపు వాసన తొలగించడానికి అమ్మోనియా ఉన్న ద్రావకాలు వాడరాదు. ఆ వాసన మూత్రపు వాసనను పోలి ఉండడం వల్ల కుక్క మళ్లీ అక్కడే మూత్రం పోసే అవకాశముంది. మూత్రాన్ని విరిచే ఎంజైముల ద్రావకాలు బజారులో దొరుకుతాయి. అవి లేకపోతే, కడిగి ఆరిన తరువాత వంటసోడా చల్లి, కొన్ని గంటలు ఉంచి, వాక్యూంతో తీసివేస్తే వాసన చాలా మట్టుకు తగ్గుతుంది. బ్లీచింగు ద్రావకాన్ని మూత్రం మీదగాని, అమ్మోనియా మీదగాని పోయరాదు, విషవాయువు పుడుతుంది. మూసిన కారులో అది ప్రమాదకరం.

ఒక మాట మరువరాదు. వాసన పోవడం వేరు, పాక్ కావడం వేరు. అత్తరు చల్లిన సీటు సువాసన వేస్తుంది గాని పాక్ కాదు. అలాగే షరీఅత్ ప్రకారం పాక్ అయిన సీటును ఎండలో ఆరబెట్టకపోతే అది ఆరోగ్యానికి మంచిది కాదు. రెండూ చూసుకోవాలి. కడిగిన తరువాత నాలుగు తలుపులూ తెరచి కారును ఎండలో ఉంచడం రెండింటికీ సాయపడుతుంది.

అనుమానం వచ్చినప్పుడు

నిష్ఠగలవారిని తరచు బాధించేది మాలిన్యం కంటే అనుమానం. కుక్క ఏమూల నాకిందో, ఏ తడి దేనిదో అని మనసు పీకుతూ ఉంటుంది. దీనికి ధర్మశాస్త్రంలో ఒక గట్టి సూత్రముంది: నిశ్చయంగా తెలిసిన విషయం అనుమానం వల్ల తొలగిపోదు. కారు పాక్‌గా ఉండినదన్నది నిశ్చయం. ఫలానా చోట తడి తగిలిందని తెలిస్తే ఆ చోటు కడగాలి. తెలియకపోతే కారు పాక్‌గానే ఉన్నట్టు.

ఈ విషయంలో మువత్తాలో ఉన్న ఒక సంఘటన ఎంతో బోధప్రదం. హజ్రత్ ఉమర్ (రజి) ఒక బిడారుతో ప్రయాణిస్తున్నారు. ఆ బిడారులో హజ్రత్ అమ్ర్ బిన్ అల్ ఆస్ (రజి) కూడా ఉన్నారు. ఒక నీటితొట్టి దగ్గర ఆగినప్పుడు, క్రూరమృగాలు ఈ నీరు తాగుతాయా అని అమ్ర్ (రజి) ఆ తొట్టి యజమానిని అడిగారు. వెంటనే ఉమర్ (రజి) ఆ సంగతి తమకు చెప్పవద్దని యజమానిని వారించారు. జంతువులు తాగిన చోట మనుషులు, మనుషులు తాగిన చోట జంతువులు తాగుతూ ఉండడం మామూలేనన్నది ఆయన భావం. ప్రయాణంలో లేని చిక్కులను తవ్వి తెచ్చుకోరాదని ఇందువల్ల విదితమవుతుంది.

హనఫీ మార్గంలో ఇంకో వెసులుబాటు ఉంది. గాఢమైన ద్రవ మాలిన్యం అరచేతి గుంట వెడల్పును మించకుండా బట్టకు అంటి, తెలియకనో, కడగడానికి వీలులేకనో నమాజు చేస్తే ఆ నమాజు చెల్లుతుంది. వీలున్నప్పుడు కడుక్కోకుండా దీనినే అలవాటు చేసుకోవడం మాత్రం సరికాదు. ప్రయాణంలో ఒక జత బట్టలు, ఒక నమాజు చాప, ఒక సీసా నీరు విడిగా ఉంచుకుంటే ఈ వెసులుబాటు అవసరమే రాదు.

ఆరోగ్యం

కుక్క లాలాజలం విషయంలో జాగ్రత్త ఆరోగ్య దృష్ట్యా కూడా అవసరమే. రేబిస్ క్రిమి లాలాజలంలో ఉండి, కాటు ద్వారా, గాయం ద్వారా, కన్ను, నోరు వంటి సున్నితమైన చోట్ల ద్వారా శరీరంలోకి ప్రవేశిస్తుంది. కుక్క కరిస్తే, గాయాన్ని నాకితే 15 నిమిషాలపాటు సబ్బుతో, ధారగా పోసే నీటితో కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. రోగ లక్షణాలు కనబడిన తరువాత బ్రతికి బయటపడడం అత్యంత అరుదు. లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి జంతువుల మూత్రం ద్వారా వ్యాపిస్తుంది గనుక మూత్రం కడిగేటప్పుడు రబ్బరు తొడుగులు వేసుకోవాలి.

కాపలా కుక్కకు ప్రతి ఏటా రేబిస్ టీకా వేయించడం యజమాని బాధ్యత. దెబ్బ తగిలిన కుక్క నొప్పితో యజమానినే కరవవచ్చు. వాంతి లేకపోతే, ఊపిరికి అడ్డం లేకపోతే మూతికి మెత్తని గుడ్డపట్టీ వదులుగా కట్టి ఎక్కించవచ్చు. ప్రవర్తన వింతగా మారి, మింగలేక చొంగ కారుస్తూ కనబడిన దాన్ని వట్టి చేతులతో తాకి కారులో ఎక్కించరాదు. పశువైద్యునికి కబురు చేయాలి.

దయ కూడా ధర్మమే

దాహంతో నాలుక చాచి తడిమట్టిని నాకుతున్న కుక్కను చూసి ఒక బాటసారి బావిలోకి దిగి, తన తోలు మేజోడులో నీరు నింపి, నోటితో పట్టుకుని పైకి తెచ్చి దానికి తాగించాడనీ, అల్లాహ్ అతని పాపాలను క్షమించాడనీ దైవప్రవక్త (స) తెలియజేశారు. కుక్క మూతిపెట్టిన పాత్రను ఏడుసార్లు కడగమని ఆదేశించినదీ, కుక్కకు నీరు తాగించిన వాని కథ చెప్పినదీ ఆయనే. మేజోడు కడుక్కోవచ్చు. పోయిన ప్రాణం తిరిగి రాదు.

కావున సీటు పాడవుతుందని కుక్కను గాలి ఆడని డిక్కీలో మూసి తీసుకురావడం తప్పు. ఎండలో నిలిపిన కారులో వేడి అరగంటలోనే సుమారు 19 డిగ్రీల సెల్సియస్ పెరగగలదు. బయట 35 డిగ్రీలున్ననాడు లోపల 50 దాటుతుంది. అద్దం కొద్దిగా దించినంత మాత్రాన అది చెప్పుకోదగినంత తగ్గదు. జంతువులకు అనవసర బాధ కలిగేలా వాటిని వాహనాలలో తీసుకుపోవడం 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం ప్రకారం కూడా నేరమే. 1978లో వచ్చిన జంతువుల రవాణా నియమాలలో కుక్కల, పిల్లుల విషయమై ప్రత్యేక అధ్యాయమే ఉంది. చట్టం లేకపోయినా విశ్వాసికి ఈ బాధ్యత తప్పదు.

మళ్లీ ఆ ఇంటికి

ఇప్పుడు మొదట చెప్పుకున్న ఇంటి చిక్కు విడిపోతుంది. కొడుకు తోటలోనే కుక్క గాయానికి శుభ్రమైన గుడ్డ చుట్టి నెత్తురు ఆపాలి. ఇసుక దులిపి, మిగిలిన పాదాలు తుడిచి, టార్పాలిన్, దుప్పటి పరచిన వెనుక సీటులో దాన్ని కూర్చోబెట్టాలి. దారిలో గాలి ఆడనివ్వాలి, దాహానికి నీరివ్వాలి. వైద్యం అయ్యాక దుప్పటి, టార్పాలిన్ తీసి విడిగా కడగాలి. సీటు మీద తడి తగిలిన జాడ ఉంటే అక్కడ మూడుసార్లు కడిగి, తలుపులు తెరచి ఆరబెట్టాలి. జాడ లేకపోతే వెంట్రుకలు, ఇసుక దులిపితే చాలు. ఇంత చేశాక ఆ తల్లి నిశ్చింతగా ఆ సీటులోనే కూర్చోవచ్చు. మగ్రిబ్ వేళకు కారు దిగి, తన చాప పరచుకుని, ఏ సంకోచమూ లేకుండా నమాజు చేసుకోవచ్చు.

ఆమె నమాజుకు లోటు రాలేదు. తోటను కాచిన మూగజీవికి అన్యాయమూ జరగలేదు. పట్టింది ఒక టార్పాలిన్, ఒక పాత దుప్పటి, రెండు బిందెల నీరు, గంట శ్రమ. ధర్మం మనుషులను కష్టపెట్టడానికి రాలేదని ఉలమాలు పదేపదే చెప్పేది ఇటువంటి చిన్న విషయాలలోనే అనుభవానికి వస్తుంది.